దక్కన్ గుట్టల్ని చూసి ఆఫీసును తీర్చిదిద్దుకోవడం ఎలా?

హైదరాబాద్‌లో పది పదిహేను మంది పనిచేసే ఒక అద్దె ఆఫీసును దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఆఫీసు పచ్చగా కనిపించాలని చాలామంది గోడకి ప్లాస్టిక్ ఆకులు అతికించి, కింద ప్లాస్టిక్ గడ్డి పరిచేస్తారు. కొన్నాళ్లకే దుమ్ము పట్టి, రంగు వెలిసి, అదంతా చెత్తలోకి పోతుంది. దయచేసి ఆ పని చెయ్యకండి. మన ఊరి చుట్టూ దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ గుండ్లున్నాయి, వాటి సందుల్లో చల్లటి నీడ ఉంది, ఎండుగడ్డి, సీతాఫలం పొదలు, కింద చెరువు ఉన్నాయి, ఇంతకంటే మంచి నమూనా ఎక్కడ దొరుకుతుంది?

1. ముందు వెళ్లి చూడండి

ఒక ఆదివారం పొద్దున ఖాజాగూడ గుట్టల వైపో, దుర్గం చెరువు దగ్గరికో వెళ్లి ఫోన్‌తో ఫొటోలు తీయండి. రాయి అంటే బూడిద రంగే అనుకుంటాం గానీ దగ్గరగా చూస్తే లేత గులాబీ ఉంటుంది, వాన నీళ్లు జారిన చోట నల్లటి చారలుంటాయి. ఆ ఫొటోల్లోంచి మూడు నాలుగు రంగులు ఎంచుకుంటే చాలు, రంగుల కేటలాగ్ ముందు కూర్చుని టెన్షన్ పడక్కర్లేదు.

2. ఏదీ కొనకముందే ఎండ లెక్క చూసుకోండి

నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నాలుగింటికి ఆఫీసులో ఎండ ఎక్కడ పడుతోందో ఒక కాగితం మీద గీసుకోండి. పడమటి కిటికీకి లోపల కర్టెన్ వేస్తే లాభం తక్కువ, ఎందుకంటే అప్పటికే ఎండ అద్దం దాటి లోపలికి వచ్చేసి ఉంటుంది. ఓనర్ ఒప్పుకుంటే కిటికీ బయట వెదురు తడికె వేలాడదీయండి. వట్టివేళ్ల తడికెలు తడిపి కట్టుకోవాలనుకుంటే కిటికీలు తెరిచి ఉంచే గదుల్లోనే కట్టండి, ఏసీ గదిలో తేమ పెరిగితే ఏసీకే భారం. ఉత్తరం కిటికీలకు మాత్రం ఏమీ అడ్డు పెట్టకండి. బల్లలు కిటికీకి పక్కవాటుగా వేస్తే స్క్రీన్ మీద వెలుగు మెరవదు, పగలు లైట్ల అవసరమూ తగ్గుతుంది. ఇలా వేడిని బయటే ఆపితే ఏసీని 24 డిగ్రీల దగ్గర పెట్టి ఫ్యాన్ వేసుకున్నా హాయిగా ఉంటుంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ చెబుతోంది.

ఈ పద్ధతి పెద్ద ఎత్తున ఎలా ఉంటుందో చూడాలంటే హైటెక్ సిటీ దగ్గర పరిశ్రమల సమాఖ్య సీఐఐ వాళ్ల గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. పర్యావరణానికి మేలు చేసే భవనాలకిచ్చే 'లీడ్' (LEED) రేటింగ్‌లో అన్నిటికంటే పైదైన ప్లాటినం స్థాయిని అమెరికా బయట అందుకున్న మొదటి భవనం అది, 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించారు. మధ్యలో తెరిచి ఉన్న ముంగిలి, జాలీ గోడలు, గాలిని చల్లబరిచి లోపలికి పంపే టవర్లు, కప్పు మీద తోట అన్నీ అక్కడ ఉన్నాయి.

3. ఉన్నవాటిని పారేయకండి

పాత బల్లకి పాలిష్ పెట్టించడం కొత్త 'ఎకో' బల్ల కొనడం కంటే మేలు. కొత్తది కావాల్సే వస్తే కూల్చిన ఇళ్ల టేకు తలుపులు అమ్మే షాపుల్లో ముందు వెతకండి.

4. మన రాయి, మన నేత

నేల ఎలాగూ మార్చాల్సి వస్తే తాండూరు బండ, బేతంచెర్ల బండ లేదా కడప బండ వేయించండి. అద్దంలా మెరిసే పాలిష్ వద్దు, కాస్త గరుకుగా ఉంటేనే రాయి రాయిలా కనిపిస్తుంది. ఇవి సున్నపురాళ్లు కాబట్టి నిమ్మరసం, యాసిడ్ పడితే మచ్చ పడిపోతుంది, ఈ మాట క్లీనింగ్ చేసేవాళ్లకి తప్పకుండా చెప్పండి. ఉన్న టైల్స్ బాగానే ఉంటే మాత్రం పగలగొట్టొద్దు, వాటి మీదే తుంగ చాపలో కొబ్బరి పీచు మ్యాట్లో పరవండి.

గోడకి సున్నం వేయాలనుకుంటే ప్లాస్టిక్ పెయింట్ గీకించాకే వేయించండి, లేకపోతే పట్టుకోదు. రాయి, అద్దం ఎక్కువైతే మాటలు ప్రతిధ్వనిస్తాయి, ఫోన్లు మాట్లాడే గదిలో అది నరకమే. అక్కడ ఒక గోడకి వరంగల్ జంపఖానా కట్టండి, తేడా మీకే తెలుస్తుంది.

5. గుండ్ల మధ్య దారిలా సర్దండి

గుట్టల్లో నడుస్తుంటే ఇరుకు సందు దాటగానే ఒక్కసారిగా ఖాళీ జాగా వస్తుంది, పక్కనే ఇద్దరు కూర్చునేంత నీడ ఉంటుంది. బల్లల్ని వరసగా పేర్చకుండా, భుజం ఎత్తుకు మించని పుస్తకాల అరలతో అలాంటి మూలలు రెండు మూడు చేయండి. ఎత్తు పెంచితే లోపలి వాళ్లకి వెలుతురు అందదు.

6. మొక్కలు చివర్లో

నాలుగు కుండీలు పెడితే గాలి శుభ్రమైపోతుందన్నది నిజం కాదు. పాత ప్రయోగాలన్నీ కలిపి చూసిన 2019 నాటి ఒక సమీక్ష ప్రకారం, మామూలు గాలి మార్పిడితో సమానం కావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలి. అందుకని కిటికీలు తెరవండి, మొక్కల్ని కళ్లకి హాయి కోసం పెంచండి. వెలుతురు తక్కువ ఉన్న చోట స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్ బతుకుతాయి, అరెకా పామ్‌కి మాత్రం కిటికీ పక్క చోటివ్వండి. ఏసీ గాలి సూటిగా తగలనివ్వొద్దు. మట్టిలో వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే నీళ్లు పోయండి. తాగునీటి ఆర్వో ఫిల్టర్ నుంచి వచ్చే వృథా నీళ్లలో లవణాలు ఎక్కువ, వాటిని నేల తుడవడానికి వాడుకోండి. పండగ సెలవులకి ముందు కుండీలన్నీ ఒకచోట చేర్చి, నీళ్లు పోసే పని ఎవరో ఒకరికి పేరు పెట్టి అప్పగించండి.