తుంటి ఇంపింజ్‌మెంట్: సాగదీయకండి, బలం పెంచండి

తుంటి కీలులో ఎముకలు ఒకదానికొకటి అడ్డుపడి ఒరుసుకోవడమే తుంటి ఇంపింజ్‌మెంట్. గొంతుక్కూర్చున్నా, బాసింపట్టు వేసినా, కారు దిగుతున్నా గజ్జలో లోపలెక్కడో పట్టేసినట్టు నొప్పి. ఎక్కడని అడిగితే బొటనవేలూ చూపుడువేలూ చాచి తుంటిని పక్కనుంచి పట్టుకుని చూపిస్తారు. తొడ ఎముక గుండు కింద మెడ దగ్గర ఎముక ఉబ్బి ఉంటే క్యామ్ రకం, ఆ గుండు కూర్చునే గిన్నెలాంటి గుంట అంచు ముందుకు పెరిగి ఉంటే పిన్సర్ రకం. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. మోకాలిని ఛాతీవైపు మడిచి తొడను లోపలికి తిప్పితే ఎముకా ఎముకా ఒరుసుకుని, గిన్నె అంచునున్న లాబ్రమ్ అనే మెత్తటి మృదులాస్థి పట్టీ నలుగుతుంది. ఎక్స్‌రేలో ఆకారం కనబడినంత మాత్రాన జబ్బున్నట్టు కాదు. ఏ నొప్పీ లేనివాళ్ళలోనూ అది కనబడుతుంది.

అందరూ చేసే తప్పు ఒకటుంది: బిగుసుకుందని సాగదీయడం. అడ్డుపడుతున్నది ఎముకైతే పవనముక్తాసనం, మలాసనం లాంటివి నలిగినచోటే మళ్ళీ నలుపుతాయి. వీటిని ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

ముందు రెండు వారాలు రాపిడి తగ్గించండి. కుర్చీలో తుంటి మోకాళ్ళకంటే ఎత్తులో ఉండాలి. చాలకపోతే దిండు వేసుకోండి. భోజనం బల్లమీద, టాయిలెట్ వెస్టర్న్‌ది. కారెక్కేటప్పుడు మొదట సీటుమీద కూర్చుని, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పండి. పక్కకి తిరిగి పడుకుంటే మోకాళ్ళ మధ్య దిండు.

తర్వాత వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు వ్యాయామం. నొప్పికి పదికి మార్కులు వేసుకోండి: మూడు దాటకూడదు, మర్నాటి పొద్దుటికి మామూలు స్థాయికి రావాలి. రాకపోతే బరువో లెక్కో తగ్గించాలి, మానేయనక్కర్లేదు.

1. బ్రిడ్జ్. వెల్లకిలా పడుకుని, మడమలు పిరుదులకు జానెడు దూరంలో పెట్టి నడుం లేపి 5 సెకన్లు ఆపండి. 10 చొప్పున మూడు విడతలు. తొడ వెనక కండరం పట్టేస్తే పాదాలు దూరంగా ఉన్నట్టే, దగ్గరికి జరపండి.

2. పక్కకి పడుకుని కాలు లేపడం. దీన్ని సరిగ్గా చేసేవాళ్ళు తక్కువ. వీపు, పిరుదులు గోడకి ఆనించండి. పైకాలి మడమ గోడను రాసుకుంటూ పైకి పోవాలి, కాలివేళ్ళు ముందుకే చూడాలి. వేళ్ళు కప్పువైపు తిరిగాయంటే పిరుదు పక్క కండరం తప్పుకుని, తుంటి ముందున్న కండరం పని లాక్కున్నట్టు. జానెడున్నర ఎత్తు చాలు. 12 చొప్పున మూడు విడతలు.

3. కుర్చీ స్క్వాట్. ఎత్తు కుర్చీమీద దిండు పెట్టి, తాకి లేవండి. సులువైతే దిండు తీసేయండి. గజ్జలో పోటు మొదలయ్యే లోతే మీ హద్దు.

4. మెట్టు దిగడం. 10-15 సెంటీమీటర్ల మెట్టుమీద ఒంటికాలిపై నిలబడి రెండో మడమ నెమ్మదిగా నేలకి తాకించండి. అద్దంలో చూసుకోండి: నడుం ఒకవైపు వాలినా, మోకాలు లోపలికి పోయినా మెట్టు ఎత్తు తగ్గించాలి.

కనీసం 12 వారాలు ఇవ్వాలి. మూడు వారాలకే పని చేయలేదని వదిలేస్తే వ్యాయామాన్ని పరీక్షించినట్టు కాదు. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో 348 మందిని రెండు జట్లు చేశారు. ఏడాదికి ఫిజియో చేయించుకున్నవాళ్ళూ, ఆపరేషన్ అయినవాళ్ళూ మెరుగయ్యారు. ఆపరేషన్ వాళ్ళు కాస్త ఎక్కువగా.

ఆర్థ్రోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా చేసే కీలు ఆపరేషన్) అయితే లోపల ఏం చేశారన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది కాబట్టి సర్జన్ మాటే ముందు. మామూలుగా చంకకర్రలు రెండు నుంచి నాలుగు వారాలు, మైక్రోఫ్రాక్చర్ (మృదులాస్థి పోయినచోట ఎముకకు చిన్న చిల్లులు పెట్టడం) చేస్తే ఆరు నుంచి ఎనిమిది. పాదం నేలకి ఆనించి నడవాలి. కాలు గాల్లో వేలాడదీస్తే తుంటిని మడిచే కండరం రోజంతా బిగిసే ఉంటుంది. అదే కారణంగా తొలి వారాల్లో కాలు చాపి పైకెత్తే వ్యాయామం వద్దు, ఆ కండరపు స్నాయువు వాచి నెలలు పీడించవచ్చు. సీటు ఎత్తు పెంచిన వ్యాయామ సైకిల్ బిగింపు లేకుండా 15-20 నిమిషాలు తొక్కితే కీలు బిగుసుకోదు. పరుగు సుమారు మూడు నెలల తర్వాత, అదీ మెట్టు పరీక్షలో నడుం వాలకపోతేనే; ఆటలకి నాలుగు నుంచి ఆరు నెలలు.

పిక్క వాచి నొప్పి పుట్టినా, జ్వరమొచ్చినా, గాయం కారినా ఆరోజే డాక్టరుకి చూపించాలి. ఊపిరాడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా 108కి ఫోన్ చేయాలి.