ఫాంటసీ నవలకు ముందు నీళ్ల లెక్క

ఫాంటసీ నవల రాస్తామని వచ్చే పిల్లలు ముందు రాజు పేరు, కత్తి పేరు, రాక్షసుడి పేరు చెప్తరు. నేను అడిగేది ఒక్కటే: మీ రాజ్యంలో తాగే నీళ్లు ఎక్కడినుంచి వస్తయి?

మాది కొల్లాపూర్ పక్క ఊరు. మా నాయన చెరువు నీరటి. తూము ఎప్పుడు ఎత్తాలె, ఏ మడికి ముందు పారాలె, ఎవరి వంతు ఎప్పుడు అయిపోతది, అన్నీ ఆయన చేతుల మీదనే నడిచేవి. ఊర్లో పెత్తనం ఎవరిదో, పగ ఎక్కడ పుడతదో ఆ తూము దగ్గర నిలబడితే తెలిసేది. అందుకే కథ కన్నా ముందు నీళ్ల మీద రెండు పేజీలు రాయండి. వాగు ఎటునుంచి వస్తది, ఎండితే ఎవరు వలస పోతరు, కట్ట తెగితే ఎవరిని అడుగుతరు.

మంత్రశక్తికి కూడా ఇదే పద్ధతి. ఆ శక్తి ఎక్కడ పుడతది? వదిలే హక్కు ఎవరిది? వంతు తప్పి వాడుకుంటే ఎవరి పొలం ఎండుతది? మూడో ప్రశ్న దగ్గరే ఎక్కువసేపు కూర్చోండి. దానికి జవాబు లేకపోతే మీ మంత్రగాడు ఏ చిక్కునైనా చిటికెలో విప్పేస్తడు, రెండో అధ్యాయానికే కథ అయిపోతది.

వీలైతే మా కొల్లాపూర్ దగ్గరి సోమశిల రేవుకు ఎండాకాలం ఒకసారి, కృష్ణ నిండినప్పుడు ఒకసారి పోయి రండి. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు 1980ల మొదట్లో ఒడ్డు ఊర్లను ముంచినయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లు విప్పి తీసుకపోయి అలంపూర్‌లో మళ్ల కట్టిండ్రు. అవతలి ఒడ్డున సప్తనదీ సంగమేశ్వరం మాత్రం అక్కడే ఉండిపోయింది. జలాశయం నిండితే మునుగుతది, ఎండలు ముదిరి నీళ్లు తగ్గితే బయటపడతది. పూజలు ఆ కొన్ని నెలలే.

ఇసుంటి గుడి మీ లోకంలో ఉందనుకోండి. శాపం తీసే దీపం అక్కడ మాత్రమే వెలుగుతది. ఇగ హీరో ఎప్పుడు బయల్దేరాలె, ఎప్పటిలోగా చేరాలె అన్నది నదే చెప్తది. ఎగువ రాజ్యం కావాలని నీళ్లు వదిలితే కత్తి దూయకుండానే యుద్ధం మొదలైతది. ముంపు ఊరి జనంలో దేవుణ్ణి మోసుకపోయినోళ్లు ఒక తెగ, నీళ్లలో వదిలేసి వచ్చినోళ్లు ఇంకో తెగ. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంటది. ఒక్క చోటు నుంచి కాలం, శత్రువు, తగాదా మూడూ దొరికినయి. పదిరకాల జంతువులను ఊహించుకునే కన్నా ఇసుంటి చోటు ఒక్కటి పట్టుకోవడం మేలని నా గట్టి నమ్మకం.

వింత చూపించే తీరు నేర్చుకోవాలంటే నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి పోండి. గర్భగుడిలో దేవుడి మీద పొద్దంతా ఒక స్తంభం నీడ కదలకుండా నిలుస్తది. కట్టినోళ్లకు వెలుతురు లెక్క తెలుసు, చూసేటోళ్లకు ముందు ఆశ్చర్యమే. మీరు కూడా కారణం నోటుబుక్కులో పూర్తిగా రాసిపెట్టుకోండి, పాఠకుడికి నీడ మాత్రం చూపించండి.

పటం గీసేటప్పుడు దూరాలు ప్రయాణపు రోజుల్లో రాయండి. ఎడ్లబండి రోజుకు రెండు ఆమడలు, అంటే పాతిక కిలోమీటర్ల దాకా పోతది. మన్ననూరు దాటి నల్లమల ఎక్కితే ఆ లెక్క పనిచేయదు, దారి తెలిసిన చెంచు మనిషి తోడు కావాలె. ఊరి పేర్లు రెండేసి పెట్టండి. 1890లో మహబూబ్‌నగర్ అని పెట్టినా జనం పాలమూరు అనే అంటున్నరు. ముసలోళ్లు ఒక పేరు, కచేరీ కాగితాలు ఇంకో పేరు వాడితే పాత రాజ్యం పోయిన సంగతి వేరే చెప్పక్కర్లేదు.

కోట ఎవరు కట్టిండ్రో తప్పక రాయండి. పాలమూరు కూలీలు ఎన్ని రాష్ట్రాల ఆనకట్టలకు మట్టి మోసిండ్రో మనకు తెలుసు. గుంపు మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా ఊరి ముఖం చూడనోళ్లు వాళ్లు. కోట పని దగ్గరే పుట్టి పెరిగిన పిల్లకు ప్రతి దొంగదారి తెలిసి ఉంటది. నాకు రాజకుమారుడి కన్నా ఆమె కథ చదవాలని ఉంటది. ఆమెతో మన మాటే మాట్లాడించండి: "గీ రాయి మా అవ్వ మోసింది, గీడికెల్లి పోదాం రా."

నీళ్లు, శక్తికి చెల్లించే మూల్యం, చివరి ఘట్టం. ఈ మూడూ కాగితం మీదికి వస్తే మొదటి అధ్యాయం మొదలుపెట్టండి. పటంలో ఖాళీలుంటే ఉండనీయండి, పాత్రలు అటు నడిచినప్పుడు నింపుకోవచ్చు. రోజుకు 400 మాటల చొప్పున రాస్తే ఐదు నెలల్లో 60,000 మాటల చిత్తుప్రతి చేతికొస్తది. వెనక్కి పోయి దిద్దుడు అప్పటిదాకా వద్దు.