ఇంజిన్ ఆపినా మండే హీటర్: పార్కింగ్ హీటర్, వెంటిలేషన్ వాడేటప్పుడు చూసుకోవాల్సినవి

గడ్డకట్టే చలి ఉన్న చోట కారు స్టార్ట్ చేయకుండానే లోపల వెచ్చగా చేసిపెట్టే ఆగ్జిలరీ హీటర్, అదే పార్కింగ్ హీటర్, ఎంత సుఖమో వాడినవాళ్లకి తెలుసు. అద్దాల మీద మంచు గీకే పని తప్పుతుంది, చాలా కార్లలో ఇంజిన్ కూడా ముందే కాస్త వేడెక్కి ఉంటుంది. అయితే ఇంధనంతో నడిచే రకం ఎలా పనిచేస్తుందో ఒకసారి అర్థమైతే, మాన్యువల్‌లో రాసిన జాగ్రత్తలు ఎందుకో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అది కారులో ఓ మూల బిగించిన చిన్న పొయ్యి. మీ ట్యాంకులోని పెట్రోలో డీజిలో కొద్దికొద్దిగా లాక్కుని మండిస్తుంది, ఆ మంటకి కూలెంట్, అంటే ఇంజిన్ చుట్టూ తిరిగే ద్రవం, వేడెక్కుతుంది, బ్లోయర్ ఆ వేడిని లోపలికి ఊదుతుంది. వ్యాన్లలో పెట్టే కొన్ని రకాల్లో కూలెంట్ ప్రమేయం లేకుండా నేరుగా గాలినే వేడి చేస్తారు. ఏ రకమైనా మంట ఉంది కాబట్టి పొగ ఉంటుంది, ఆ పొగ బయటికి పోవడానికి కారు కింద దానికో సొంత గొట్టం ఉంటుంది.

అందుకే మూసి ఉన్న గ్యారేజీలో, సెల్లార్‌లో, గాలి ఆడని షెడ్డులో దీన్ని ఆన్ చేయకూడదు. ఐదు నిమిషాలే కదా అని కూడా వద్దు, షట్టర్ సగం ఎత్తి ఉంచాం కదా అనీ వద్దు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, రక్తంలోని హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం మొదలైతే నిద్రలేమి అనుకుని సీటు వెనక్కి వాల్చకండి, ముందు బయటికొచ్చి గాలి పీల్చుకోండి, వెంటనే వైద్య సాయం కోసం ఫోన్ చేయండి. వ్యాన్‌లో హీటర్ వేసుకుని రాత్రి పడుకునే అలవాటుంటే, కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా పడుకోవద్దనే నా మాట.

నన్నడిగితే అసలు ప్రమాదం బటన్ దగ్గర కాదు, టైమర్ దగ్గర. ఆరుబయట పార్క్ చేసే అలవాటుతో పొద్దున ఏడింటికి టైమర్ పెట్టి ఉంటారు, ఆ రాత్రి వాన వస్తోందని కారు గ్యారేజీలో పెట్టి తలుపు వేసేస్తారు, టైమర్ సంగతి ఎవరికీ గుర్తుండదు. మీరు ఇంకా పక్క మీద ఉండగానే హీటర్ తన టైముకి తాను అంటుకుంటుంది. గ్యారేజీ ఇంటికి ఆనుకుని ఉంటే పొగ కారు దగ్గరే ఆగదు, గదుల్లోకీ వస్తుంది. కాబట్టి కారు లోపల పెట్టిన ప్రతిసారీ, సర్వీసింగ్‌కి ఇచ్చేముందు కూడా, టైమర్ రద్దు చేయండి. రిమోట్ గానీ ఫోన్ యాప్ గానీ ఉంటే ఇంకాస్త జాగ్రత్త: కారు ఎక్కడుందో, పక్కన ఏముందో కళ్లారా చూడకుండా నొక్కుతున్నామని గుర్తుండాలి, రిమోట్ పిల్లల చేతికి అందకూడదు.

పెట్రోల్ బంకులోకి వెళ్లేముందే ఆపేయండి, పంపు దగ్గరికొచ్చాక కాదు, ఎందుకంటే ఆఫ్ నొక్కిన వెంటనే అది పూర్తిగా ఆగదు. మంట ఆరాక కూడా చల్లబడటానికి ఫ్యాను కొన్ని నిమిషాలు తిరుగుతుంది. అది తిరుగుతుండగా బ్యాటరీ వైరు పీకితే హీటర్ లోపలి భాగాలు పాడైపోతాయి. ఎండుగడ్డి, ఎండుటాకులు, కాగితాల కుప్పల మీద పార్క్ చేసి ఆన్ చేయొద్దు, గొట్టం నుంచి వచ్చే పొగ బాగా వేడిగా ఉంటుంది. మంచు పడే చోటయితే ముందు వంగి ఆ గొట్టం మూతి మూసుకుపోలేదని చూడండి, అద్దం కింద గాలి లోపలికి వెళ్లే జాలీ మీది మంచు కూడా తుడిచేయండి.

హీటర్ వేసినప్పుడు టిక్ టిక్ మని చప్పుడొస్తే టెన్షన్ పడకండి, అది ఇంధనాన్ని చుక్కలుగా పంపే చిన్న పంపు. బాగా చలిగా ఉన్నప్పుడు మొదట్లో కొంచెం తెల్ల పొగ రావడమూ మామూలే. అది ఆగకుండా వస్తున్నా, నల్లగా వస్తున్నా, కారు లోపల ఇంధనం వాసన వేస్తున్నా ఆపేసి, ఈ పని తెలిసిన మెకానిక్‌కి చూపించేదాకా మళ్లీ వేయొద్దు.

ఇక బ్యాటరీ. మంట ఇంధనానిదే అయినా ఫ్యాను, పంపు, బ్లోయర్ అన్నీ బ్యాటరీ మీదే నడుస్తాయి. హీటర్ ఎంతసేపు వేశారో కనీసం అంతసేపు కారు నడపాలన్నది పాత లెక్క, ఇప్పటికీ పనికొచ్చే లెక్క. రోజూ అరగంట హీటర్ వేసి పక్క వీధి దాకా వెళ్లొచ్చేవాళ్ల కారు ఓ పొద్దున మొరాయిస్తే ఆశ్చర్యం లేదు. ట్యాంకు రిజర్వులో ఉన్నా, బ్యాటరీ నీరసంగా ఉన్నా చాలా సిస్టమ్‌లు హీటర్‌ని స్టార్ట్ కానివ్వవు. బాగా వాలుగా ఉన్న చోట ఆపితే కూడా ఇంధనం సరిగా అందకపోవచ్చు. కాబట్టి హీటర్ పలకడం లేదంటే ముందు ఇవి చూసుకోండి, అస్తమానం బటన్ నొక్కుతూ కూర్చోవద్దు.

అదే సిస్టమ్‌లో చాలా కార్లకి వెంటిలేషన్ కూడా ఉంటుంది, ఎండాకాలం దాని సీజన్. ఇందులో మంట లేదు, పొగ లేదు, బయటి గాలిని లోపలికి ఊదుతుందంతే. ఎండలో నిలబెట్టిన కారులోని వేడిగాలిని ఎక్కేముందు తోసేయడానికి బాగా పనికొస్తుంది. దీన్ని ఏసీ అనుకోవద్దు, బయట 40 డిగ్రీలుంటే లోపల అంతకంటే చల్లగా చేయలేదు. కారు ఆపేముందు బ్లోయర్ గాలి బయటి నుంచి తీసుకునేలా పెట్టి, గ్రిల్స్ తెరిచి ఉంచండి. వెంటిలేషన్ తిరుగుతోంది కదా అని పిల్లల్ని గానీ కుక్కని గానీ కారులో వదిలి వెళ్లడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఎండలో మూసిన కారు లోపల 10 నిమిషాల్లోనే సుమారు 10 డిగ్రీలు పెరగొచ్చు, బ్యాటరీ తగ్గి బ్లోయర్ ఆగిపోతే మీకు కబురు చెప్పేవాళ్లుండరు.

చలికాలం అయిపోయాక హీటర్‌ని పూర్తిగా మర్చిపోవద్దు. నెలకోసారి ఆరుబయట ఓ 10 నిమిషాలు నడిపిస్తే పంపు, ఫ్యాను బిగుసుకుపోకుండా ఉంటాయి, పాత ఇంధనం కూడా పైపులో నిలవ ఉండదు.