నాలుగైదు అప్పులుండి డబ్బు చాలనప్పుడు ఏది ముందు కట్టాలి

ఒక కాగితం తీసుకుని ప్రతి అప్పుకూ నాలుగు సంగతులు రాయండి: చేతికి నిజంగా ఎంత వచ్చింది, ఇంకా ఎంత కట్టాలి, వాయిదా ఏ రోజు, కట్టకపోతే ఏం పోతుంది.

వడ్డీ మాత్రం అప్పిచ్చినవాళ్లు చెప్పిన అంకె కాకుండా మీరే లెక్క వేయండి. 10,000 అప్పులో 1,500 ముందే పట్టుకుని 8,500 ఇస్తారు, రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టమంటారు. నూటికి పదిహేనే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతూ వస్తుంది కాబట్టి, ఆ వంద రోజుల్లో సగటున మీ దగ్గరుండే సొమ్ము దాదాపు సగమే. లెక్క తేలిస్తే నెలకు నూటికి పది దాకా పడుతుంది. నెలవారీ వాయిదాల్లోనూ ఇదే మెలిక ఉంటుంది: మొదటి అసలు మీదే ఏడాదంతా 12 శాతం వేస్తే, 12 వాయిదాల్లో తీరే అప్పుకు నిజమైన వడ్డీ 21 శాతం దాటుతుంది.

రాబడి నెలనెలా మారేవాళ్లు సగటు చూడకూడదు. గత ఆరు నెలల్లో అన్నిటికన్నా తక్కువ వచ్చిన నెలను లెక్కలోకి తీసుకోండి. సగటును బట్టి వాయిదా ఒప్పుకుంటే పని దొరకని నెలలో అది తప్పుతుంది, జరిమానా పడుతుంది, దాన్ని పూడ్చడానికి మరో అప్పు చేయాల్సి వస్తుంది. చాలా కుటుంబాలు మునిగేది ఇక్కడే.

ఆ తక్కువ నెల రాబడిలోంచి తిండి, అద్దె, కరెంటు, మందులు, పనికి వెళ్లే ఖర్చు ముందు తీసి పక్కన పెట్టండి. సంపాదనకు ఆధారమైన బండో పనిముట్టో తాకట్టులో ఉంటే దాని వాయిదా కూడా వీటితో సమానమే. మిగతా అప్పులకు కనీస వాయిదా కట్టి, ఇంకా ఏమైనా మిగిలితే ఎక్కువ వడ్డీ ఉన్న ఒక్కదానికే వేయండి. అందరికీ కొంచెం కొంచెం పంచితే ఏదీ తీరదు. గుమ్మంలోకి వచ్చి అరిచేవాళ్లకు ముందు ఇచ్చేయాలనిపించడం సహజం, అయినా ఈ వరుస మార్చకండి.

కట్టలేమని తెలిస్తే గడువుకు ముందే వెళ్లి మాట్లాడండి. "తర్వాత ఇస్తాను" అని కాదు, ఎంత ఇస్తారో, ఏ తేదీన ఇస్తారో చెప్పండి. వాయిదా తగ్గిస్తామంటే గడువు ఎన్ని నెలలు పెరుగుతుందో, మొత్తం ఎంత కట్టాల్సి వస్తుందో కాగితం మీద రాయించుకోండి. కట్టిన ప్రతిసారీ రసీదు తీసుకోండి. ఖాళీ కాగితం మీద, మొత్తం వేయని చెక్కు మీద సంతకం పెట్టకండి. అప్పు తీరిన రోజే ప్రోనోటు వెనక్కి తెచ్చుకోండి.