తృప్తి మిత్రను అరగంటలో వేదిక మీదికి తేవాలంటే

ఒక నటి జీవితాన్ని ప్రదర్శించమంటే మా పర్లాకిమిడి పిల్లలు ముందుగా బిరుదుల జాబితా రాసుకొస్తారు. 1962లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1971లో పద్మశ్రీ. ఆ కాగితం వ్యాఖ్యాతకు ఇచ్చేయండి, ఒక్క గుక్కలో చదివేస్తారు. బెంగాలీ రంగస్థల నటి తృప్తి మిత్ర (1925–1989) ఎవరో ప్రేక్షకులకు తెలియాలంటే ఆమె వేసిన నాటకాల్లోంచి రెండు ఘట్టాలు చాలు.

మొదటిది ‘నబాన్న’. 1943 బెంగాల్ కరువు మీద బిజన్ భట్టాచార్య రాసిన ఈ నాటకాన్ని మరుసటి ఏడాది ఇప్టా (భారత ప్రజా నాటక సంఘం) ఆడింది. మన ప్రజానాట్యమండలికి పుట్టిల్లు ఆ సంస్థే. అప్పటికి తృప్తికి ఇరవై నిండలేదు. కలకత్తా వీధుల్లో ఆకలిగొన్నవాళ్లు అన్నం అడగలేదు, వార్చిన గంజి అడిగారు. తృప్తి వేషం వేసే అమ్మాయి చేతికి సొట్టలు పడిన అల్యూమినియం గిన్నె ఇవ్వండి. స్టీలు గిన్నె దీపాల వెలుగుకు మెరిసి కరువును పెళ్లి భోజనం చేసేస్తుంది. “అమ్మా, కాస్త గంజి పొయ్యండి” అని మొదటిసారి సిగ్గుపడుతూ, పక్కింటి వాళ్లను అడిగినట్టు అడగాలి. రెండోసారి ఒడియాలో అడిగించండి. మా హాల్లో సగంమంది ఇళ్లలో ఆ భాషే. మూడోసారి మాట వద్దు, గిన్నె చాపి నిలబడితే చాలు. ఏడుపు మాత్రం ఒప్పుకోకండి. ఏడిస్తే చప్పట్లు పడతాయి, గంజి సంగతి అందరూ మరచిపోతారు.

నటుడు, దర్శకుడు శంభు మిత్రతో పెళ్లి, 1948లో ‘బహురూపి’ నాటక బృందం స్థాపన వ్యాఖ్యాత రెండు వాక్యాల్లో దాటిస్తే మేలు.

ఇక రెండోది ఠాగూర్ ‘రక్తకరబి’, అంటే ఎర్ర గన్నేరు. బహురూపి 1954లో ఆడిన ఈ నాటకంలో తృప్తిది నాయిక నందిని పాత్ర. బంగారు గనుల యక్షపురి, వల వెనుక దాక్కున్న రాజు, పేర్లకు బదులు అంకెలు మోసే కూలీలు. మగపిల్లల చొక్కాలకు అంకెలు కుట్టేస్తే సగం కథ అర్థమైపోతుంది. వలకు దోమతెర పనికిరాదు, గాలికి ఎగురుతుంది. చేపల వల తెచ్చి కింద ఇటుకలు కట్టండి. రాజు గొంతు మైకు లేకుండానే రావాలి. నందిని వల వైపు ఏటవాలుగా నిలబడాలి, లేకపోతే ఆమె ముఖం ముందు వరుసకే పరిమితం.

స్త్రీ పాత్ర అనగానే మా పెద్దలు స్థానం నరసింహారావు గారి సత్యభామను తలుచుకుంటారు. తలుచుకోనివ్వండి, నాకూ అభిమానమే. అయితే ఆ వయ్యారంలో ఒక్క పాలు నందినికి అంటినా పాత్ర పోయినట్టే. ఆమె రాజును మురిపించడానికి రాలేదు, బయటికి రమ్మని పిలవడానికి వచ్చింది. మాటలు తిన్నగా, తొందర లేకుండా రావాలి.

నందిని తలలో పెట్టడానికి ఎర్ర గన్నేరు మా పెరళ్లలో దొరుకుతుంది. ప్లాస్టిక్ పూలు వద్దు. అయితే గన్నేరు విషం. చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి, కోసినవాళ్ల చేత చేతులు కడిగించండి.

సమయం మిగిలితే ఆమె కూతురు శాంవలీ మిత్ర ద్రౌపదిగా ఒంటరిగా నటించిన ‘నాథవతీ అనాథవత్’ గురించి చెప్పించండి. పిల్లలు శాలువాలు కప్పించుకునేలోపు వల విప్పించేయండి. తర్వాత వచ్చే కోలాటం వాళ్ల కాళ్లకు చుట్టుకుంటుంది.