విశాఖ షిప్‌యార్డు చరిత్ర రాయాలంటే నెల్లూరు నుంచి ఎలా మొదలుపెట్టాలి

నెల్లూరు, ఒంగోలు కాలేజీల్లో ప్రాజెక్టు కోసం హిందుస్థాన్ షిప్‌యార్డును ఎంచుకునేవాళ్లు మొదటి పేజీలోనే రాసే వాక్యం ఒకటుంది: "1941లో ప్రభుత్వం స్థాపించిన ఈ సంస్థ 1948లో తొలి నౌకను దేశానికి అందించింది." చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ అందులో రెండు తప్పులున్నాయి. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసింది పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ సారథ్యంలోని సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ యార్డుకి. 1948 మార్చి 14న నెహ్రూ 'జలఉష'ను నీళ్లలోకి వదిలిన నాటికీ అది ప్రైవేటు యార్డే. పైగా ఆ రోజు జరిగింది జలప్రవేశం. ఓడ అప్పగింత వేరే ఘట్టం.

ఇలాంటి తప్పులు రాకూడదంటే యజమాని, స్థలం, ఓడలు అనే మూడు విషయాలకు మూడు విడివిడి పట్టికలు పెట్టుకోండి. తేదీలు సరిచూసుకునేదాకా వాటిని కలపొద్దు.

యజమాని పట్టిక చిన్నది. 1941 నుంచి సింధియా. 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డ్ లిమిటెడ్ ఏర్పడి, మూడింట రెండు వంతుల వాటా కేంద్రం చేతికొచ్చింది. 1961లో మిగతా వాటా కూడా వచ్చాక పూర్తిగా ప్రభుత్వానిదైంది. 2010లో నౌకాయాన శాఖ నుంచి రక్షణ శాఖకు మారింది. ఈ చివరి తేదీని చాలామంది వదిలేస్తారు. కానీ వెతుకులాటకు బాగా పనికొచ్చేది అదే. పార్లమెంటులో ఈ యార్డు మీద వచ్చిన ప్రశ్నలు 2010కి ముందు ఒక శాఖ కింద, తర్వాత ఇంకో శాఖ కింద ఉంటాయి. ఒక్క శాఖలోనే వెతికితే సగం చరిత్ర దొరకదు.

స్థలం పట్టికలో ఓడ కట్టే స్లిప్‌వేలు, డాకులు, మరమ్మతుల డ్రై డాక్ వేరువేరు వరసల్లో రావాలి. స్లిప్‌వే ఏటవాలు నేల. దానిమీద కట్టిన ఓడ, ఆపు తీయగానే తన బరువుకి తనే నీళ్లలోకి జారిపోతుంది. డ్రై డాక్‌లో పని మరోలా ఉంటుంది. ఓడ లోపలికి వచ్చాక గేటు మూసి, నీళ్లు తోడేస్తారు. నీటిమట్టం దిగేకొద్దీ ఓడ అడుగుభాగం ముందే పేర్చి ఉంచిన దిమ్మెల మీద కూర్చుంటుంది. ఆ దిమ్మెలు ఏ ఓడకా ఓడ నక్షా ప్రకారం పేర్చాలి. ఒక్కటి పక్కకి జరిగినా బరువు పడకూడని చోట పడి రేకు లోపలికి నొక్కుకుపోవచ్చు. ఈ తేడా తెలియకపోతే "యార్డులో ఉన్న ఓడ" అనే మాట చూసి, మరమ్మతుకొచ్చిన దాన్ని కూడా కట్టిన ఓడల లెక్కలో వేసేస్తారు. సింధుకీర్తి జలాంతర్గామి 2006 నుంచి 2015 దాకా ఇక్కడ మరమ్మతుల్లో ఉంది. అది యార్డు కట్టింది కాదు, అప్పటి సోవియట్ యూనియన్ నుంచి వచ్చింది.

స్థలం విషయంలోనే ఇంకో గందరగోళం ఉంది. విశాఖలో నేవల్ డాక్‌యార్డు వేరు, అది నౌకాదళానిది. షిప్‌బిల్డింగ్ సెంటర్ ఇంకొకటి, 2009 జులై 26న అణు జలాంతర్గామి అరిహంత్ జలప్రవేశం జరిగింది అక్కడే. పేపర్లలో మూడింటినీ 'విశాఖ డాక్‌యార్డు' అని రాసిన సందర్భాలుంటాయి. కింద ఏ సంస్థ అధికారి మాట్లాడాడో చూసి తేల్చుకోండి.

ఓడల పట్టికే అసలైన పని. ఒక్కో ఓడకి యార్డు నంబరు, కీల్ (ఓడ అడుగున వెన్నెముకలాంటి భాగం) వేసిన తేదీ, జలప్రవేశం, అప్పగింత, యుద్ధనౌకైతే నౌకాదళంలో చేరిన తేదీ, కొనుగోలుదారు, టన్నులు, ఆధారం అని ఎనిమిది గళ్లు గీయండి. యార్డు నంబరు ముఖ్యం. ఓడకి పేరు తర్వాత పెడతారు, అందాకా నంబరే పేరు. 2021 సెప్టెంబరు 10న నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ ధ్రువ్ పాత వార్తలు కావాలంటే ధ్రువ్ అని కాదు, వీసీ 11184 అని వెతకాలి.

టన్నుల దగ్గర జాగ్రత్త. జలఉష 8,000 టన్నులంటే డెడ్‌వెయిట్, అంటే సరుకు, ఇంధనం, నీళ్లు, మనుషులు కలిపి మోయగల బరువు. యుద్ధనౌకకి చెప్పేది డిస్‌ప్లేస్‌మెంట్, ఓడ మొత్తం బరువు. పాత గ్రాస్ టన్ను అసలు బరువే కాదు, 100 ఘనపుటడుగుల చోటు. మూడింటినీ ఒకే గడిలో వేసి కూడితే వచ్చే మొత్తానికి అర్థం లేదు. పక్కన ఏ రకమో ఒక్క అక్షరంతోనైనా గుర్తు పెట్టండి.

ఇక ఆధారాలు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా విశాఖ, నెల్లూరు రెండూ మద్రాసు కిందే ఉండేవి. భూసేకరణ, కార్మిక వివాదాల్లాంటి రాష్ట్రం చూసే పనుల కాగితాలు వెతకాల్సింది చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో. విశాఖ కంటే మనకి అదే దగ్గర. కాలేజీ ఉత్తరం, గుర్తింపు కార్డు పట్టుకెళ్లండి. పాత ఇంగ్లీషు కాగితాల్లో విశాఖ పేరు 'విజగపటం' (Vizagapatam) స్పెల్లింగుతో ఉంటుంది, అలాగే అడగండి. తెలుగు పేపర్లకి ప్రెస్ అకాడమీ డిజిటల్ భాండాగారం అందుబాటులో ఉంటే ఇంట్లోంచే చూడొచ్చు. జలప్రవేశం లాంటి సభ జరిగిన రోజు పేపరు కాకుండా మర్నాటి నుంచి మూడు రోజుల సంచికలు తిరగేయండి.

వార్షిక నివేదికలు ఏప్రిల్ నుంచి మార్చి దాకా లెక్క. 1956-57 నివేదికలో అప్పగించారని ఉన్న ఓడ 1957 ఫిబ్రవరిలో వెళ్లి ఉండొచ్చు. 1956 అని రాసేస్తే ఏడాది తేడా వస్తుంది. నెల దొరక్కపోతే 1956-57 అనే ఉంచండి.

షిప్‌యార్డులో పనిచేసి రిటైరై మన జిల్లాల్లో స్థిరపడినవాళ్లు దొరికితే ఏళ్లు అడగొద్దు. ఏ వర్క్‌షాపులో పని, అప్పుడు స్లిప్‌వే మీద ఏ నంబరు ఓడ ఉంది అని అడగండి. నంబరు తెలిస్తే ఏడాది మీ పట్టికలోనే దొరుకుతుంది. వాళ్ల మాట మీద నమోదు చేసిన తేదీని పెన్సిల్‌తో రాసి, కాగితం ఆధారం దొరికాకే పెన్నుతో దిద్దండి. 1941లో పునాది పడ్డ యార్డు నుంచి తొలి ఓడ రావడానికి 1948 దాకా ఎందుకు పట్టిందని ఎవరైనా అడిగితే, 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద పడ్డ జపాన్ బాంబుల దగ్గర నుంచి చదవడం మొదలుపెట్టండి.