అడ్వాన్సు కట్టేముందు ఒక్క ఫోన్ చేయండి

2007లో శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మొదలై, విడతలవారీగా ఉమ్మడి రాష్ట్రమంతా అమలైన ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీయే ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ. మా పెద్దమ్మకి గుండె ఆపరేషన్ అనగానే వైజాగ్‌లో ఓ ప్రైవేటు ఆస్పత్రి అడ్వాన్సు కట్టమంది. మీకూ ఇలాగే చెబితే తొందరపడి కట్టేయకండి. ఆ ఆస్పత్రి, ఆ జబ్బు పథకంలో ఉన్నాయో లేదో ముందు 104కి ఫోన్ చేసి కనుక్కోండి. వైజాగ్‌లోని ప్రభుత్వాస్పత్రి కేజీహెచ్ అయినా, ప్రైవేటయినా, నేరుగా వైద్యమిత్ర (ఆస్పత్రిలో ఈ పథకం పనులు చూసే ఉద్యోగి) దగ్గరికి వెళ్లండి. ఆధార్, రేషన్ కార్డు ఒరిజినల్స్ చేతిలో ఉండాలి. పేర్లు అక్షరం అక్షరం సరిచూసుకోండి. పెద్దమ్మ రేషన్ కార్డులో పేరు చివర ‘మ్మ’ ఉంది, ఆధార్‌లో లేదు. దానికే రెండ్రోజులు టెన్షన్ పడ్డాం. ప్రాణం మీదికొస్తే మాత్రం 108కి కాల్ చేసి వెళ్లిపోండి, కాగితాలు తర్వాత. డిశ్చార్జి రోజు పది రోజుల మందులు ఇవ్వాలి, అడిగి తీసుకోండి.